మనిషికొక చట్టం, మేడకొక ప్రమాణం

2013వ సంవత్సరం, నవంబరు నెలాఖరు. అమెరికాలో పండుగ బేరాలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. ‘టార్గెట్’ అనే పెద్ద వర్తక సంస్థ దుకాణాలలో జనం బారులు తీరి, బ్యాంకు కార్డులు చూపి, సరుకులు కొనుక్కుపోతున్నారు. వారికెవరికీ తెలియని విషయం ఒకటున్నది. నవంబరు 27 మొదలుకొని డిసెంబరు 15 వరకు, కార్డు గీసిన ప్రతిసారీ దాని వివరాలు దుకాణానికే గాక దొంగలకు కూడా చేరుతూ వచ్చాయి. లెక్క తేలేసరికి సుమారు 4 కోట్ల కార్డుల వివరాలు, దాదాపు 7 కోట్ల మంది పేర్లు, చిరునామాలు, టెలిఫోను నంబర్లు వంటివి పరుల పాలయ్యాయి.

ఆ దొంగలు ఏ ద్వారం గుండా ప్రవేశించారు? కోట్ల రూపాయల విలువ చేసే కంప్యూటరు కాపలాను బద్దలు కొట్టుకొని కాదు. దుకాణాలలో శీతల యంత్రాల పనులు చూసే ఒక కాంట్రాక్టరు సంస్థకు ఇచ్చిన ప్రవేశ సంకేతాలను ముందుగా కాజేశారు. ఆ సంస్థ పేరుతోనే లోపలికి నడిచారు. ఆ కాంట్రాక్టరుకు టార్గెట్ కంప్యూటర్లతో గల సంబంధం బిల్లులు పంపుకోవడం, ఒప్పంద పత్రాలు దాఖలు చేయడం, పనుల నిర్వహణ చూసుకోవడం వరకే. భవనానికి చల్లదనం సమకూర్చేవాని తాళంచెవితో కోట్లాది మనుషుల వివరాలున్న గది తెరుచుకున్నది.

దీనికి తలక్రిందులుగా నడిచిన కథ మరొకటున్నది. పరుగెత్తేవారు, సైకిలు తొక్కేవారు తాము తిరిగిన దారిని ఫోను ద్వారా నమోదు చేసుకొనే ‘స్ట్రావా’ అనే సాధనం ఉన్నది. 2017 నవంబరులో ఆ సంస్థ తన సభ్యుల అడుగుజాడలన్నింటినీ కలిపి ఒక ప్రపంచ పటంగా ప్రచురించింది. అందులో ఎవరి పేరూ లేదు. ఎక్కువమంది తిరిగిన చోటు ఎక్కువగా వెలుగుతుంది, అంతే. 2018 జనవరిలో ఒక ఆస్ట్రేలియా విద్యార్థి ఆ పటాన్ని నిదానంగా పరిశీలించి, అఫ్ఘానిస్తాను, సిరియా వంటి దేశాలలో చీకటిగా ఉన్న ప్రాంతాల నడుమ చిన్న చిన్న వెలుగు గీతలు ఉండటం గమనించాడు. అవి సైనిక స్థావరాలు. ఆరోగ్యం కోసం ఉదయాన్నే పరుగు తీసిన సైనికులు తమకు తెలియకుండానే స్థావరపు రూపురేఖలను లోకానికి గీసి చూపారు.

మొదటి కథలో మేడ పనివాని ద్వారా మనుషుల గుట్టు పోయింది. రెండవ కథలో మనుషుల అడుగుల ద్వారా స్థలాల గుట్టు పోయింది. ఈ రెండు ఆపదలనూ ఎదుర్కోవడానికి మన కాలంలో రెండు రకాల పత్రాలు పుట్టాయి. ఒకటి వ్యక్తుల సమాచారాన్ని కాపాడే చట్టం. మన దేశంలో అది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం. రెండవది కట్టడాల సమాచారాన్ని కాపాడే అంతర్జాతీయ ప్రమాణం. దాని పేరు ఐ.ఎస్.ఓ. 19650, అయిదవ భాగం, 2020లో వెలువడింది. మొదటిది న్యాయవాదుల బల్లమీద ఉంటుంది, రెండవది ఇంజనీర్ల బల్లమీద. ఒకే గదిలో కూర్చొని రెంటినీ పక్కపక్కన పెట్టి చదివే సందర్భం అరుదు. అలా చదివితే, ఒకదానిలోని లోటు రెండవదానిలో ఎలా పూడుతుందో, రెండూ చేయలేని పని ఏదో కూడా తెలిసివస్తుంది.

చట్టం ఎవరి పక్షం?

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టుకు చెందిన తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ఒక తీర్పు చెప్పింది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వేసిన వ్యాజ్యంలో, వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం ప్రసాదించిన ప్రాథమిక హక్కు అని స్పష్టం చేసింది. ఆ హక్కుకు చట్టరూపం ఇవ్వడానికి మరి ఆరేళ్ళు పట్టింది. ముసాయిదాలు వచ్చాయి, వెనక్కు పోయాయి. చివరకు 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదముద్రతో 44 సెక్షన్ల చిన్న చట్టం ఏర్పడింది. దాని క్రింది నియమాలు 2025 నవంబరులో ప్రకటితమయ్యాయి. సమాచారం సేకరించే సంస్థల ప్రధాన బాధ్యతలు ఆ తరువాత పదునెనిమిది నెలలకు, అనగా 2027 మే నెలలో, అమలులోకి వచ్చేటట్లు గడువు విధించారు.

ఈ చట్టంలో రెండు ముఖ్య పాత్రలున్నాయి. సమాచారం ఎవరిని గురించినదో ఆ వ్యక్తి ఒకరు. ఆ సమాచారాన్ని ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించే సంస్థ మరొకరు. ఆ సంస్థకు చట్టం ‘డేటా ఫిడ్యూషియరీ’ అని పేరు పెట్టింది. అనువాదం వృత్తిగా గల ఈ రచయితకు ఆ పేరు దగ్గర కలం ఆగింది. యజమాని అనవచ్చునా? కుదరదు, సమాచారం వారి సొత్తు కాదు. కాపలాదారు అనవచ్చునా? అది చాలదు. దేవాలయాలకు, సత్రాలకు మనవారు వాడే ‘ధర్మకర్త’ అనే మాటే దీనికి అతి సమీపంగా ఉన్నది. ధర్మకర్త చేతిలో హుండీ తాళాలుంటాయి, కాని హుండీ అతనిది కాదు. చట్టం సారాంశమంతా ఆ ఒక్క మాటలోనే ఉన్నది.

ఆ ధర్మకర్త మన సమాచారం తీసుకొనేముందు ఏమి తీసుకుంటున్నాడో, దేనికోసమో చెప్పి సమ్మతి పొందాలి. సమ్మతి అక్కరలేని కొన్ని సందర్భాలను చట్టమే పేర్కొన్నది. తన గురించి ఏ సమాచారం ఉన్నదో అడిగే హక్కు, తప్పులుంటే దిద్దించే హక్కు, చెరిపివేయమనే హక్కు, ఫిర్యాదు చేసుకొనే హక్కు, తన తదనంతరం ఈ హక్కులు వాడుకొనేవారిని నియమించే హక్కు వ్యక్తికి ఉంటాయి. సమ్మతి కోరే పత్రాన్ని ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలోనైనా గాని చదువుకొనే అవకాశం ఇవ్వాలి. అంటే చీరాల నేతకారుడైనా, కరీంనగరు రైతైనా ఆ పత్రాన్ని తెలుగులో అడిగి చదువుకోవచ్చు. వ్యక్తిని సూచించడానికి మన చట్టాలు వాడుతూ వచ్చిన పుంలింగ సర్వనామానికి బదులు ఇందులో స్త్రీలింగం వాడటం మరొక విశేషం.

ఇంతకీ గుర్తుంచుకోవలసిన విషయం: ఈ చట్టం మనిషిని గురించిన సమాచారానికే పరిమితం. మనిషి ప్రసక్తి లేని చోట దానికి నోరు లేదు.

ప్రమాణం దేని పక్షం?

ఇక రెండవ పత్రం సంగతి. పూర్వం మేడ కట్టాలంటే నీలి కాగితాలమీద ప్లాన్లు గీసేవారు. ఆ కాగితాలు ఇంజనీరు బీరువాలో ఒకటి, మేస్త్రీ చేతిలో ఒకటి, మునిసిపల్ కచేరీలో ఒకటి ఉండేవి. నేడు పెద్ద నిర్మాణాలు కాగితం మీద కాక కంప్యూటరులో ముందుగా నిలబడుతున్నాయి. దీనిని భవన సమాచార నమూనా అంటారు. ఇంజనీర్లు ‘బిమ్’ అని పొడిగా పిలుస్తారు. ఇది కేవలం బొమ్మ కాదు. అందులోని ప్రతి తలుపుకూ తన తాళం ఏ రకమో, ప్రతి గోడకూ తన మందమెంతో, ప్రతి తీగకూ తాను ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలుసు. వాస్తుశిల్పి, నిర్మాణ ఇంజనీరు, విద్యుత్ పనివారు, శీతల యంత్రాలవారు అందరూ ఒకే ఉమ్మడి నమూనాలో పని చేస్తారు. మన దేశంలో నాగపూరు మెట్రో వంటి నిర్మాణాలు ఈ పద్ధతిని చేపట్టాయి.

దీని వలన కలిగే లాభం అపారం. ఒకరి గొట్టం మరొకరి దూలాన్ని ఢీకొంటుందేమో పునాది తీయకముందే తెలిసిపోతుంది. అందుకే బ్రిటిష్ ప్రభుత్వం 2016 ఏప్రిల్ నుంచి తాను నేరుగా చేపట్టే నిర్మాణాలలో ఈ పద్ధతిని తప్పనిసరి చేసింది. కాని ఆ మేలులోనే ఒక కీడు పొంచి ఉన్నదని అక్కడివారు ముందుగానే గుర్తించారు. నూరు బీరువాలలో చెదిరి ఉన్న రహస్యం ఒక్కచోట పోగుపడితే, దొంగకు నూరు తాళాలు పగులగొట్టే శ్రమ తప్పుతుంది. ఆనాటి జాతీయ మౌలిక వ్యవస్థల రక్షణ కేంద్రం ప్రోద్బలంతో బ్రిటిష్ ప్రమాణాల సంస్థ 2015లో దీనిపై ఒక మార్గదర్శక పత్రం వెలువరించింది. 2020లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం దాని వారసురాలే.

ఆ భయం ఊహాజనితం కాదు. ఆస్ట్రేలియా గూఢచార సంస్థ కోసం కాన్‌బెర్రాలో కడుతున్న కొత్త భవనం ప్లాన్లు ఒక కాంట్రాక్టరు కంప్యూటర్ల నుంచి చోరీ అయ్యాయని 2013 మే నెలలో ఆ దేశపు ఏ.బి.సి. ప్రసార సంస్థ ఒక కథనం ప్రసారం చేసింది. గదుల అమరిక, తీగల మార్గాలు, సర్వర్లుండే చోట్లు ఆ ప్లాన్లలో ఉన్నాయని కథనం తెలిపింది. ప్రభుత్వం దానిని ధ్రువీకరించలేదు. అయినా నిర్మాణరంగంలోని వారందరికీ విషయం అర్థమైంది: భవనం నిలబడక మునుపే దాని గుట్టు బయటపడే అవకాశం ఉన్నది.

ప్రమాణం చెప్పే మార్గం క్రమబద్ధమైనది. ముందుగా ఈ కట్టడం గాని, దాని పొరుగున ఉన్న కట్టడాలు గాని సున్నితమైనవా అని పరీక్షించాలి. రక్షణ శాఖవి, విద్యుత్తు, నీరు వంటి కీలక సేవలవి, విలువైన లేదా ప్రమాదకరమైన పదార్థాలు నిలవచేసేవి, జనం గుమిగూడేవి, దేశమంతటా పేరు పొందినవి ఈ కోవలోకి వస్తాయి. సున్నితమని తేలితే, ఆపదలను అంచనా కట్టి ఒక వ్యూహం రచించాలి. ఆ వ్యూహాన్ని నిత్యవ్యవహారంలో పాటించడానికి ఒక నిర్వహణ ప్రణాళిక తయారు చేయాలి. గుట్టు పోతే ఏమి చేయాలో ముందుగానే మరొక ప్రణాళిక వ్రాసుకోవాలి. పనిలోకి వచ్చే ప్రతి కాంట్రాక్టరునూ ఆ క్రమశిక్షణకు బద్ధుని చేయాలి. వీటన్నింటికీ జవాబుదారీ సంస్థ పై అధికారులదే. విశేషమేమంటే, ఇంత ప్రత్యేక జాగ్రత్త అక్కరలేదని తేలిన కట్టడం విషయంలో కూడా, వ్యాపార రహస్యాలను, వ్యక్తుల సమాచారాన్ని కాపాడవలసిందేనని ప్రమాణం గుర్తు చేస్తుంది. ఇంజనీర్ల పత్రంలో మనిషికి దొరికిన చోటు అది.

మొదటి ప్రశ్నలోనే భేదం

ఈ రెండు పత్రాలకూ గల అసలైన తేడా అవి వేసే మొదటి ప్రశ్నలో ఉన్నది.

‘ఈ సమాచారం ఎవరిని గురించినది? ఆ మనిషి ఒప్పుకున్నాడా?’ అని చట్టం అడుగుతుంది. ‘ఈ సమాచారం చేరకూడని చేతికి చేరితే ఎవరికి హాని?’ అని ప్రమాణం అడుగుతుంది. మొదటిది హక్కుల భాష, రెండవది ఆపదల భాష. మొదటిదానిలో మనిషి సమ్మతి తాళంచెవి. రెండవదానిలో సమ్మతి ప్రసక్తి లేదు. ‘పని కోసం తెలియవలసినవారికి, తెలియవలసినంత మేరకే’ అన్నది అక్కడి సూత్రం.

స్ట్రావా ఉదంతాన్ని ఈ రెండు ప్రశ్నల ముందు ఉంచి చూడండి. ఆ పటంలో పేర్లు లేవు. ఏ గీత ఎవరిదో గుర్తుపట్టలేనప్పుడు వ్యక్తిగత సమాచార చట్టం చేతులు ముడుచుకొని కూర్చుంటుంది. కాని ప్రమాణం అలా ఊరుకోదు. ఒక్కొక్కటిగా చూస్తే హాని లేని చిన్న చిన్న వివరాలు ఒకచోట పోగుపడినప్పుడు, ఒకదానితో మరొకటి జతపడినప్పుడు, పెద్ద రహస్యంగా మారతాయన్నది దాని ముఖ్యమైన హెచ్చరిక. ఒక గీత ఒక మనిషి పరుగు. వేయి గీతలు ఒక స్థావరం ప్రహరీ.

అదే విధంగా, ప్రమాణం చూడలేని చోటును చట్టం చూస్తుంది. అతి సాధారణమైన ఒక ఇల్లు దేశ భద్రతకు సంబంధించినది కాదు. కాబట్టి ఇంజనీరు లెక్కలో అది సున్నితమైన కట్టడం కాదు. కాని ఆ ఇంట్లో ఒంటరిగా నివసించే వృద్ధురాలికి తన వేలిముద్ర, తన వైద్య పత్రాలు, తన ఫోను నంబరు ప్రాణంతో సమానం. దేశానికి చిన్న విషయమైనా ఆమెకు అది పెద్ద విషయమేనని చట్టం ఒప్పుకుంటుంది. ప్రమాణం మేడల స్థాయిని బట్టి జాగ్రత్తను పెంచుతుంది, తగ్గిస్తుంది. చట్టం మనుషులలో హెచ్చుతగ్గులు చూడదు.

చెరిపివేయడమా, భద్రపరచడమా?

కాలం విషయంలో ఈ రెండూ దాదాపు ఎదురుబొదురుగా నిలుస్తాయి. పని పూర్తి కాగానే, లేదా వ్యక్తి సమ్మతిని వెనక్కు తీసుకోగానే, మరో చట్టం దాచమంటే తప్ప సమాచారాన్ని చెరిపివేయాలని వ్యక్తిగత డేటా చట్టం శాసిస్తుంది. కట్టడం సంగతి వేరు. యాభై ఏళ్ళ తరువాత గోడ పగిలితే, లోపల ఏ కమ్మీ ఎక్కడున్నదో తెలియాలి. కూల్చే రోజున కూడా పాత నమూనాతో పని పడుతుంది. కాబట్టి పుట్టుక నుంచి కూల్చివేత వరకు సమాచారాన్ని పదిలపరచాలి, ఆ కాలమంతా దానికి కాపలా ఉండాలి.

ఈ రెండు కాలాలూ ఒకే కప్పు క్రింద కలిసే చోటు విమానాశ్రయం. ముఖం చూపి లోపలికి వెళ్ళే ‘డిజీయాత్ర’ పద్ధతి 2022 డిసెంబరులో ఢిల్లీ, బెంగుళూరు, వారణాసి విమానాశ్రయాలలో ఆరంభమై, తరువాత హైదరాబాదు, విజయవాడలకు విస్తరించింది. నిర్వాహకుల కథనం ప్రకారం, ప్రయాణికుని ముఖవివరాలు అతని ఫోనులోనే ఉంటాయి. విమానాశ్రయానికి అందిన ప్రతి విమానం బయలుదేరిన 24 గంటలలోపల తుడిచివేయబడుతుంది. అదే విమానాశ్రయంలో ఆ ముఖాన్ని చూసే కెమెరా ఏ స్తంభానికి ఉన్నది, దాని తీగ ఏ గదికి వెళుతుంది, ఆ గదికి విద్యుత్తు ఎక్కడి నుంచి వస్తుంది అన్న వివరాలు దశాబ్దాలపాటు నిలిచి ఉండవలసినవి. ముఖానికి ఒక్క రోజు ఆయుర్దాయం. ఆ ముఖాన్ని చూసిన కన్నుకు నిండు నూరేళ్ళు. మొదటిదానిని చెరపకపోయినా తప్పే, రెండవదానిని పోగొట్టుకున్నా తప్పే. రెంటినీ ఒకే అలమరలో, ఒకే తాళంతో ఉంచేవాడు ఏదో ఒక తప్పు చేయక మానడు.

కాంట్రాక్టరు దగ్గర కలిసే దారులు

ఇన్ని భేదాలున్నా, ఒక్క విషయంలో మాత్రం రెండు పత్రాలూ ఒకే మాట చెబుతాయి. పనిని అప్పగించవచ్చు గాని, బాధ్యతను అప్పగించలేరు. ధర్మకర్త తన తరఫున సమాచారాన్ని వేరొకరి చేత నడిపించినా, జవాబుదారీ తనదేనని, ఒప్పందంలో ఏమి వ్రాసుకున్నా అది తప్పదని చట్టం చెబుతుంది. పనిలోకి తీసుకొనే ప్రతి సంస్థతోనూ, అది తిరిగి పెట్టుకొనే ఉపకాంట్రాక్టరులతోనూ భద్రతా నిబంధనలను ఒప్పందంలో చేర్చాలని, పని ముగిశాక వారి వద్ద మిగిలిన సమాచారం సంగతి కూడా తేల్చాలని ప్రమాణం చెబుతుంది.

టార్గెట్ ఉదంతంలో తెగిన గొలుసు ఇదే. శీతల యంత్రాలవానిని మేడ మనిషిగా చూశారే తప్ప, కార్డుల గదికి దారి తెలిసిన మనిషిగా చూడలేదు. ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అని మన పెద్దలు ఊరకే అనలేదు. లంక కోటగోడలలో లోపం లేదు. లోపలి సంగతి తెలిసినవాడు బయటకు నడిచినప్పుడు కోట కోటగా మిగలలేదు. నేటి మేడలలో ఆ లోపలి మనిషి అలిగిన తమ్ముడే కానక్కరలేదు. అజాగ్రత్తగా సంకేతపదం దాచుకున్న చిన్న మరమ్మత్తుల సంస్థ అయినా కావచ్చు.

తప్పు జరిగిన తరువాత

గుట్టు పోయిన తరువాత ఏమి చేయాలన్న విషయంలో దారులు మళ్ళీ చీలుతాయి. చట్టం బాధితుని పక్షాన నిలిచి, ‘అతనికి చెప్పు’ అంటుంది. సమాచారం పోయిన ప్రతి వ్యక్తికీ, డేటా పరిరక్షణ మండలికీ ఆలస్యం లేకుండా తెలియజేయాలి; మండలికి 72 గంటలలో పూర్తి వివరాలు అందించాలి. కంప్యూటరు భద్రతా ఘటనలను ఆరు గంటలలో తెలపాలని కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022లోనే ఆదేశించింది. ప్రమాణం ఇంకొక కోణం నుంచి ఆలోచిస్తుంది. తలుపు గొళ్ళెం విరిగిందన్న వార్త గొళ్ళెం బాగుచేయక మునుపే ఊరంతా తెలిస్తే మరో దొంగకు ఆహ్వానం పంపినట్లవుతుంది. అందుచేత నష్టాన్ని ఆపడం, ఎవరికి ఎంత చెప్పాలో ముందే నిర్ణయించుకొని ఉండటం, తరువాత కారణం వెదికి పద్ధతి మార్చుకోవడం దాని దృష్టిలో ముఖ్యం. ఈ రెండింటికీ వైరుధ్యం ఉన్నట్లు కనిపించినా, వాస్తవంలో లేదు. ఎవరి సమాచారం పోయిందో వారికి ఆ సంగతి చెప్పాలి. ఎలా పోయిందన్న మార్గాన్ని మాత్రం అందరికీ చాటనక్కరలేదు.

శిక్షల విషయంలో చట్టానిది పైచేయి. తగిన రక్షణ ఏర్పాట్లు చేయని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు, గుట్టు పోయినట్లు తెలియజేయని సంస్థకు 200 కోట్ల వరకు జరిమానా విధించవచ్చు. కాని ఆ సొమ్ము చేరేది భారత సంచిత నిధికి. నష్టపోయిన మనిషి చేతికి కాదు. ఇది ఆలోచించవలసిన లోటు. ప్రమాణానికి దండించే అధికారమే లేదు. అది స్వచ్ఛందం. ఒప్పంద పత్రంలో చేర్చితేనే దానికి కోరలు వస్తాయి. పైగా చట్టాన్ని ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ప్రమాణాన్ని డబ్బు పెట్టి కొనుక్కోవాలి. జరిమానా భయం లేని చోట, చదవడానికే వెల పెట్టవలసిన చోట, దానిని పాటించేవారి సంఖ్య వారి మంచితనంమీదనో, ముందుచూపుమీదనో ఆధారపడుతుంది.

దాపరికం రక్షణ కాదు

ఇంతవరకు చదివినవారికి ఒక సందేహం కలగవచ్చు: అన్నింటినీ దాచివేస్తే సరిపోదా? సరిపోదు. ఈ విషయాన్ని మహాభారతంలోని ఒక ఇల్లు మనకు ఏనాడో నేర్పింది.

వారణావతంలో పురోచనుడు పాండవులకోసం ఒక అందమైన మేడ కట్టించాడు. గోడలలో లక్క, నెయ్యి వంటి మండే పదార్థాలు కలిపిన సంగతి కట్టినవానికి తెలుసు, నివసించబోయేవారికి తెలియదు. విదురుడు ఆ సంగతిని గూఢభాషలో ధర్మరాజుకు అందజేశాడు. పిదప ఒక ఖనకుని పంపి లోపలి నుంచి సొరంగం త్రవ్వించాడు. ఒకే ఇంటికి సంబంధించిన రెండు రహస్యాలివి. గోడలో లక్క ఉన్నదన్న సంగతి లోపల నిద్రించేవారికి తెలియాలి. నేలలో సొరంగం ఉన్నదన్న సంగతి పురోచనునికి తెలియకూడదు. మొదటిది దాచినా చావే, రెండవది చెప్పినా చావే. భద్రత అంటే తాళం వేయడం మాత్రమే కాదు. ఏ తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలో ఎరగడం.

2008 నవంబరు 26న బొంబాయి తాజ్ హోటలుమీద జరిగిన దాడిలో ఇదే పాఠం నెత్తుటితో వ్రాయబడింది. అంతకు ముందు డేవిడ్ హెడ్లీ అనే అమెరికా పౌరుడు పలుమార్లు వచ్చి, అతిథిగా తిరుగుతూ ఆ భవనాన్ని చిత్రీకరించుకుపోయాడు. అతడు 2010లో అమెరికా న్యాయస్థానంలో నేరం ఒప్పుకున్నాడు. 2013లో అతనికి 35 ఏళ్ళ శిక్ష పడింది. దాడి చేసేవారికి ఆ విధంగా ముందే పరిచయమైన నడవలు, కాపాడవచ్చినవారికి కొత్తవి. దారి చూపడానికి హోటలు సిబ్బంది సాయం కావలసివచ్చింది. చేరకూడనివారికి చేరిన సమాచారం, చేరవలసినవారికి చేరలేదు.

కాబట్టి భద్రత పేరు చెప్పి అగ్నిమాపక దళానికి మేడ ప్లాను నిరాకరించడం భద్రత కాదు. గోప్యత పేరు చెప్పి ప్రజలకు తెలియవలసిన లెక్కలను దాచడమూ పరిరక్షణ కాదు. వ్యక్తిగత డేటా చట్టం 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని ఒక నిబంధనను సవరించి, వ్యక్తిగత సమాచారమన్న కారణంతో అధికారులు జవాబు నిరాకరించే వీలును పెంచింది. దేశ సార్వభౌమత్వం, భద్రత వంటి కారణాలతో ప్రభుత్వ సంస్థలను తన పరిధి నుంచి మినహాయించే అవకాశాన్నీ ఇచ్చింది. ఈ ద్వారాలను ఎంత ఇరుకుగా వాడతారో, ఎంత విశాలంగా తెరుస్తారో మనం కనిపెట్టి ఉండవలసిందే.

మన గుమ్మం ముందు

ఇది ప్రభుత్వాల సంగతి, పెద్ద సంస్థల సంగతి అని పుస్తకం మూసివేయడానికి వీలు లేదు. హైదరాబాదులోనో, విశాఖపట్నంలోనో ఒక మధ్యతరగతి అపార్టుమెంటు గేటు ముందు నిలబడి చూడండి. వాచ్‌మన్ వచ్చినవారి పేరు, నంబరు, ఏ ఫ్లాటుకు, ఎందుకు అని అడుగుతాడు. నోటుపుస్తకంలో వ్రాసుకొని అక్కడే వదిలేస్తే అది డిజిటల్ చట్టం పరిధిలోకి రాదు. అవే వివరాలు ఫోనులోని యాప్‌లోకి ఎక్కించిన క్షణం నుంచి చట్టం అడుగుపెడుతుంది. నివాసుల సంఘం కూడా చట్టం దృష్టిలో ధర్మకర్త కావచ్చు. ‘ఈ వివరాలు ఎంతకాలం ఉంచుతారు? ఎవరు చూస్తారు?’ అని అడిగే హక్కు అప్పుడు మనకు వస్తుంది.

ఇక అదే సంఘం వాట్సాప్ బృందంలో ఏమేమి తిరుగుతున్నాయో గమనించండి. లిఫ్టు మరమ్మత్తుకోసం పంపిన ప్లాను ఫొటో, సెల్లారులో జనరేటరు గది తాళం ఎక్కడ వ్రేలాడుతుందో చెప్పే సందేశం, ఏ సి.సి. కెమెరా పని చేయడం లేదో తెలిపే ఫిర్యాదు. ‘పది రోజులు ఊరిలో ఉండము, పాలు వేయవద్దు’ అన్న మాట. విడివిడిగా ఇవి నిత్యజీవితపు ముచ్చట్లు. ఒకచోట చేర్చి చదివినవానికి మాత్రం దొంగతనానికి సిద్ధం చేసిన పథకం. అందులో మొదటి మూడింటిలో మనిషి పేరే లేదు గనుక, వాటికోసం ఏ చట్టమూ మనను హెచ్చరించదు. అక్కడ పనికివచ్చేది ప్రమాణం నేర్పే ఆలోచనే.

అందుచేత ఒక ఇంటి సమాచారం చేయి దాటేముందు ఇద్దరి ప్రశ్నలూ మనమే వేసుకోవడం మంచిది. న్యాయవాది ప్రశ్న: ఇది ఎవరిది, ఎందుకు అడుగుతున్నారు, పని అయ్యాక ఏమి చేస్తారు? ఇంజనీరు ప్రశ్న: ఇది ఇంకొకదానితో కలిస్తే అపరిచితునికి ఏమి నేర్పుతుంది? వీటికి తోడు విదురుని ప్రశ్న ఒకటున్నది: దీనిని తప్పక తెలుసుకోవలసినవారు ఎవరైనా తెలియక మిగిలిపోయారా?

ఆ మూడవ ప్రశ్నకు జవాబు వెదుకుతూ పై అంతస్తులో ఒంటరిగా ఉన్న పెద్దావిడ దగ్గరకు వెళ్ళండి. మంటలు లేచినప్పుడు ఏ మెట్లు దిగాలో, మేడమీది తలుపు తాళం ఎవరి దగ్గర ఉన్నదో ఆమెకు తెలుసునా అని అడగండి. తెలియకపోతే, ఆ ఒక్క రహస్యాన్ని ఈ సాయంత్రమే ఆమెకు చెప్పివేయండి.